కట్ట మీద గుర్తురాయి

పోయిన వారం యమునను గుర్తురాయి ముందు నిలబెట్టి మనం పక్కకు వచ్చేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. ఎండ మాత్రం కొంచెం పైకెక్కింది.

వరంగల్ స్టేషన్ వెనక, అండర్ బ్రిడ్జి దాటి ఖిలా వరంగల్ వైపు పోయే తోవలో లైన్ కట్ట ఉంది. పెద్ద రైలు రాకముందు, దాని పట్టాల కింద పరచడానికి గుట్ట నుంచి కంకర మోసిన చిన్న రైలు ఆ కట్ట మీదే నడిచింది. పని తీరిపోయాక పట్టాలు పీకేశారు, మట్టికట్ట మిగిలింది. దాన్ని పోసిన కూలీల పిల్లలు, వాళ్ల పిల్లలు అక్కడే ఇండ్లు వేసుకున్నారు. ఊరు మరిచిపోయిన ఈ సంగతిని కాలేజీలో చరిత్ర చెప్పే యమున పట్టుకుంది. పదిమందిని కూడగట్టి, కాళ్లరిగేలా తిరిగి, కట్ట మొదట్లో నల్లరాతి గుర్తురాయి ఒకటి నిలబెట్టించింది. దాని మీది రాత ఆమెదే. రాయి చెక్కించి ఇచ్చినది ఆమె తండ్రి, విత్తనాల వ్యాపారి వెంకట్రాజం. తెల్లవారితే ఆవిష్కరణ.

ఆ ముందురోజు పొద్దున షామియానా వాళ్లు వచ్చేసరికి గుర్తురాయి గద్దె మీద సమ్మమ్మ కూర్చొని ఉంది. కట్ట మీద అందరికంటే పెద్దామె. లేవమంటే లేవలేదు. సంఘం పెద్దలు బతిమిలాడారు, గదమాయించారు, చివరికి ఎండకు ఆగలేక యమున ఒక్కదాన్నే వదిలి వెళ్లిపోయారు.

యమున చెప్పులు విడిచి గద్దె మీద సమ్మమ్మ పక్కనే కూర్చుంది. ఏమని మొదలుపెట్టాలో తోచలేదు. తను చేసింది మంచి పని అన్న విషయంలో ఆమెకు అంతవరకు అనుమానమే రాలేదు. మంచి పనికి ఒక ముసలామె అడ్డం కూర్చుంటే తప్పు ముసలామెదే అనుకోవడం తేలిక. కానీ సమ్మమ్మ ముఖంలో మొండితనం కనిపించలేదు. కంటి మీద కునుకు లేని మనిషి ముఖం అది.

"దీని మీద ఏం రాసినవ్ బిడ్డా?" అని సమ్మమ్మే ముందు అడిగింది.

యమున కప్పిన గుడ్డ ఎత్తి చదివి వినిపించింది. పెద్ద రైలు దారికి రాయి మోసిన మొదటి చిన్న రైలు ఇక్కడే నడిచిందని, ఈ కట్ట పోసిన వేల చేతులకు గుర్తుగా ఈ రాయిని నిలిపామని ఉంది. 'వేల చేతులు' అన్న మాట దొరకడానికి ఆమె చాలా ఆలోచించింది. చదువుతుంటే ఇప్పటికీ గొంతులో కొంచెం గర్వం పలికింది.

"మంచిగనే రాసినవ్," అంది సమ్మమ్మ. "ఆ చేతులోళ్ల ఇండ్లే తీసేస్తమంటాన్రు మరి."

యమునకు అర్థం కాలేదు. సమ్మమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. అంతసేపు ఎవరెంత చెప్పినా లేవని మనిషి, యమున చెయ్యి పట్టుకొని మెల్లగా కట్ట ఎక్కింది. పైన రెండు వరసల ఇండ్లు. మధ్యలో ఎడ్లబండి పట్టేంత సందు. ఒక వరస ఇండ్ల గోడలన్నిటి మీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తులు గీసి ఉన్నాయి.

నిన్న సాయంత్రం సర్కారు మనుషులు వచ్చి వేసిపోయారని సమ్మమ్మ చెప్పింది. గుర్తురాయి పడింది గనుక కట్ట ఇక పాత కట్టడాల లెక్కలోకి వస్తుందట. దాని మీద కాపురాలు ఉండకూడదట. ముందు ఈ వరస తీసి తోవ వేస్తారట, ఆ తర్వాత సంగతి ఆ తర్వాతట. యమున ఒక గోడ దగ్గర ఆగి రంగును ముట్టింది. వేలికి అంటింది. కొంగుకు తుడుచుకుంటే కొంగుకూ అంటింది.

"నాకు తెల్వదు అవ్వా," అంది. "ఒట్టు, నాకు తెల్వదు."

"నీకు తెల్వదని నాకెరుకే. ఎరుకున్నోడు మీ నాయిన."

ఈ ఎండాకాలం మొదట్లో ఒకరోజు వెంకట్రాజం కట్ట మీదికి వచ్చాడట. కుర్చీ వేస్తే కూర్చున్నాడట. అందరినీ పిలిచి మర్యాదగానే మాట్లాడాడట. పరకాల రోడ్డు మీద ఇండ్ల జాగలు ఇప్పిస్తానని, పిల్లల బడికి కూడా ఫికర్ లేదని, ఇక్కడ మాత్రం తోవ పడాలని చెప్పాడట. చాయ తెస్తే తాగలేదట. సమ్మమ్మ కోపంగా చెప్పలేదు. ఎవరికో జ్వరం వచ్చిందని చెప్పినట్టు చెప్పింది.

యమునకు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. చరిత్ర పుస్తకాలంటే ఆవులించే తండ్రి గుర్తురాయి అనగానే ఎంత తొందరగా ముందుకొచ్చాడో, రాయి ఎక్కడ పెట్టాలో తనే ఎందుకు చూపించాడో. ఆ ముచ్చటను కాలేజీలో తోటివాళ్లకు తను ఎంత మురిపెంగా చెప్పుకుందో కూడా గుర్తొచ్చింది. కట్టకు అవతల వాళ్ల పాత పత్తి గోదాం ఉంది. తోవ ఎవరికి కావాలో ఇంక వేరే చెప్పనక్కర లేదు.

కానీ వెంకట్రాజం గోదాం విలువ పెంచుకోవడానికి ఇండ్లు కూల్చే మనిషి కాదు. అది కూడా ఆమెకు తెలుసు. ఆయన మనసులో ఉన్నది గోదాం కాదు. మధు.

మధు ఆయన తమ్ముడు. యమున పుట్టకముందే పోయాడు. హాల్లో దండ వేసిన ఫొటోలో నవ్వుతూ ఉంటాడు కాబట్టి, ఆమె చిన్నప్పుడు చిన్నబాపు చచ్చిపోవడం సంతోషమైన సంగతేమో అనుకునేది. తర్వాత నాయనమ్మ నోట అసలు విషయం విన్నది. ఎండాకాలం మధ్యాహ్నం గోదాంలో పత్తికి నిప్పంటుకుంది. మధు లోపల ఉన్నాడు. ఫైరింజను వచ్చి కట్ట కిందే నిలబడిపోయింది. కట్ట మీది వాళ్లు ఇండ్ల ముందర సామాన్లు తీయలేదు, బండిని రానియ్యలేదు. పిల్లవాడు కాలిపోయాడు. ఇంట్లో ఆ రోజు నుంచి 'కట్టోళ్లు' అనే మాట తిట్టుగా మారింది.

యమున ఆ మాట అనాలని అనుకోలేదు. నోటికి వచ్చేసింది.

"ఆనాడు మీరు ఫైరింజన్ను రానియ్యలేదంట కద అవ్వా."

సమ్మమ్మ ఆమె వంక చాలాసేపు చూసింది. కండ్లు పెద్దవి చేసి కాదు, చిన్నవి చేసి. దూరంగా వస్తున్న మనిషి ఎవరా అని పోల్చుకునేటప్పుడు చూసినట్టు.

"గట్లని ఎవలు చెప్పిండ్రు?"

"ఇంట్ల అందరు గట్లనే అంటరు. బాపుకు గట్లనే చెప్పిండ్రు."

"మీ నాయినకు గదే ఎరుకనా? ఇన్నేండ్ల నుంచి గదే ఎరుకనా?"

యమున తలూపింది. సమ్మమ్మ పక్కనే ఉన్న తన ఇంటి తలుపు తోసి లోపలికి తీసుకుపోయింది. ఒకటే అర్ర. మూడు దిక్కుల మట్టిగోడలు, మూర మందం, సున్నం మీద సున్నం పడి నున్నగా ఉన్నాయి. సందు వైపు గోడ ఒక్కటే ఇటుకలది. సన్నగా ఉంది. మిగతా మూడింటికీ దానికీ పొత్తు కుదరలేదు.

"ఈ గోడ సూడు," అంది సమ్మమ్మ. "దీని జాగల గసుంటి మట్టిగోడే ఉండె."

ఆమె చెప్పినదంతా ఆమె మాటల్లోనే రాస్తే ఈ వారం పేజీలు చాలవు. ఆగి ఆగి చెప్పింది, మధ్యలో పొయ్యి మీది గిన్నె దించింది, ఎవరో పిలిస్తే తర్వాత రమ్మంది. చెప్పింది ఇదీ.

పొగ ముందు చూసింది కట్ట మీది వాళ్లే. బిందెలతో పోశారు. పత్తి మంటకు బిందెలు ఏ మూలకు. ఫైరింజను గంట కొట్టుకుంటూ వచ్చి కట్ట ఎక్కింది గానీ సందులో పట్టలేదు. సమ్మమ్మ ఇంటి గోడ ముందుకు పొడుచుకొని ఉంది. అక్కడే ఇరుక్కుంది. డ్రైవరు వెనక్కి పోతానన్నాడు. చుట్టు తిరిగి రావాలంటే ఆలస్యమవుతుందని అందరికీ తెలుసు. సమ్మమ్మ పెనిమిటి కొమురయ్య స్టేషన్లో హమాలీ. అప్పుడే పని మీంచి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. లేచి గడ్డపార తీసుకున్నాడు. తన ఇంటి గోడకు తనే పోటు వేశాడు. ఇరుగుపొరుగు కూడా గడ్డపారలు తెచ్చారు. సమ్మమ్మ చంకలో పసిపిల్లవాడు. లోపల ఉన్న గురుగులు, బట్టలమూట తెచ్చుకునేదాకా కూడా ఆగలేదు. గోడ కూలింది, కప్పు సగం ఒరిగింది, వాటి మీదుగానే ఇంజను పోయింది.

నీళ్లు కొట్టారు. కొమురయ్య తడిపిన గోనెపట్ట కప్పుకొని లోపలికి పోయి మధును భుజాన వేసుకొని వచ్చాడు. వచ్చేటప్పుడు కాలుతున్న పత్తి బేలు ఒకటి కాలి మీద పడింది.

"అప్పటికి పానం ఉన్నది బిడ్డా. ఈడ్నే, మా గోడ పడ్డకాడ్నే పండవెట్టిండ్రు. తల నా ఒళ్లె పెట్టుకున్న. నీళ్లు పోసిన. రెండు బుక్కలు మింగిండు. మింగి, 'అన్న అచ్చిండా' అన్నడు."

యమున గోడకు చేరగిలబడింది.

"నువ్వేమన్నవ్ అవ్వా?"

"'అస్తాండు' అన్న. నాకేమెరుక, మీ నాయిన యాడున్నడో. 'అస్తాండు బిడ్డా, ఆడ మూలమలుపు కాడున్నడు' అన్న. ఇని కండ్లు మూసుకున్నడు. దవాఖానకు తీస్కపోయినంక పోయిండంట."

వెంకట్రాజం ఆ రోజు కేసముద్రం మార్కెట్లో పత్తి కొంటున్నాడు. కబురు అంది వచ్చేసరికి తమ్ముడు దవాఖానలో తెల్లగుడ్డ కింద ఉన్నాడు. ఇంజను రాలేకపోయిందని, కట్టోళ్లు అడ్డం పడ్డారని ఎవరో గుమాస్తా చెప్పాడు. సగం చూసినవాడు చెప్పిన మాట అది. ఇంజను ఇరుక్కోవడం చూసి దుకాణానికి పరుగెత్తినవాడు, ఆ తర్వాత గోడ కూలడం చూడలేదు. ఈ ఎండాకాలం దాకా వెంకట్రాజం మళ్లీ కట్ట ఎక్కలేదు. గోదాంకు కట్ట వైపు ఎత్తుగా ప్రహరీ కట్టించి, పైన గాజుపెంకులు పెట్టించాడు.

"మరి ఎందుకు చెప్పలేదు అవ్వా, ఒక్కలన్న ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్తం? సావైన ఇంటికి పోయి మా గోడ పోయిందని చెప్పుకుంటమా?"

 సమ్మమ్మ తక్కింది కూడా చెప్పింది. కొమురయ్య కాలు మళ్లీ బరువు మోయలేదు. ఆ వానాకాలం గోడ లేని ఇంట్లో గోనెసంచులు వేలాడదీసుకొని గడిపారు. చంకలోని పిల్లవాడు నిమ్ము చేసి చావు అంచుల దాకా పోయి వచ్చాడు. వాడే శ్రీనివాస్. ఇప్పుడు హన్మకొండలో పెండ్లాం పిల్లలతో మంచిగానే ఉన్నాడు. తల్లిని రమ్మంటాడు గానీ కట్ట మొహం చూడడు. తండ్రి కుంటుతూ తిరగడం, సేటు ఇంటి నుంచి ఒక్కరూ వచ్చి అడగకపోవడం చూస్తూ పెరిగినవాడు కదా అంది సమ్మమ్మ.

యమున కట్ట దిగి నేరుగా దుకాణానికి పోయింది.

తొలకరి ముందు రోజులు. దుకాణం నిండా పరకాల వైపు నుంచి వచ్చిన రైతులు. వెంకట్రాజం గల్లా దగ్గర నిలబడే ఒక్కొక్కరికి విత్తనం పాకెట్లు తిప్పి చూపిస్తున్నాడు. నల్లరేగడి అయితే ఇది, ఎర్ర చెలక అయితే అది, తొందరపడి పొడి దుక్కిలో పెట్టకండి, ఒక మంచి వాన పడనియ్యండి అని చెబుతున్నాడు. రైతులు ఆయన మాట వింటారు. నలభై ఏండ్లుగా ఆయన ఎవరికీ పుచ్చు విత్తనం అమ్మలేదు. కూతురు ముఖం చూసి, చేతిలోని పాకెట్టు పనివాడికిచ్చి వెనక గదిలోకి నడిచాడు.

కట్ట మీద ఎర్ర గుర్తుల సంగతి తెలుసా అని యమున అడిగింది. తెలుసన్నాడు. తనే అర్జీ పెట్టానన్నాడు. దాపరికం ఏమీ లేదు, నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు అన్నాడు. తను నిలబెట్టిన రాయిని అడ్డం పెట్టుకొని ఇండ్లు తీయించడం న్యాయమేనా అని యమున అంటే, ఆయనకు కోపం రాలేదు. తల వంచుకొని మాట్లాడాడు.

"ఆ సందు అట్లనే ఉన్నది యమునా. ఇప్పుడు ఆ గోదాముల పక్కపొంటి ఇంకా ఎంతమంది పని చేస్తాన్రు. మల్ల నిప్పంటుకుంటే మల్ల ఇంజను ఆడనే నిలబడతది. ఇంకో ఇంట్ల ఇంకో తమ్ముడు పోవాల్నా? వాళ్లను రోడ్డు మీద పడెయ్యమన్లే. జాగలు చూసి పెట్టిన."

"ఇంజను నిలబడలేదు బాపూ."

ఆయన తలెత్తాడు.

యమున నిలబడే చెప్పింది. కొమురయ్య అన్నం ముందు నుంచి లేవడం దగ్గర మొదలుపెట్టింది. గడ్డపార, గోడ, ఒరిగిన కప్పు, గోనెపట్ట అన్నీ చెప్పింది.  తండ్రి చెయ్యి బల్ల మీద పరిచిన విత్తనాల మీద పడి, వాటిని అటూ ఇటూ కదుపుతూ ఉంది. నీళ్లు తాగిన సంగతి దగ్గర ఆ చెయ్యి ఆగిపోయింది. తర్వాతి మాట చెప్పాలా వద్దా అని యమున సందేహించింది. చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేననిపించి చెప్పింది.

 ముందు దుకాణంలో ఎవరో రైతు సేటును పిలుస్తున్నాడు.

"ఏమన్నడు అన్నవ్? మల్ల చెప్పు."

"అన్న వచ్చిండా అన్నడంట."

"ఆమె ఏమన్నది?"

"వస్తాండు, మూలమలుపు కాడున్నడు అన్నదంట."

 ఆయన విత్తనాల మీంచి చెయ్యి తీసి, "వాని గొంతు నాకు యాదికి లేదే," అన్నాడు. "ఫొటో ఉన్నది గని గొంతు యాదికి లేదు. ఎంత తండ్లాడిన యాదికి రాదు." లేచి చెప్పులు వేసుకున్నాడు. గల్లా పెట్టె తెరిచి ఉంది, రైతులు నిలబడి ఉన్నారు. ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగి ఇంటి తోవ పట్టాడు. యమునకు తెలిసినంతలో ఆయన దుకాణం పనివాళ్లకు వదిలి పోవడం అదే మొదలు.

 ఇంట్లో రేపటి ఆవిష్కరణ ఉంటుందా, ఆపమంటావా అని యమున అడిగితే చూద్దామన్నాడు. ఇండ్ల సంగతి అడిగితే హాల్లోని ఫొటో ముందుకు పోయి నిలబడ్డాడు. ఆమెకు తండ్రి మీద కోపం తగ్గి, భయం మొదలైంది. ఒక మనిషి ఇన్నేండ్లు మోసిన కోపాన్ని ఒక్క మధ్యాహ్నం లాగేసుకుంటే, ఆ చోట ఏం పెట్టుకోవాలో తెలియక కూలిపోతాడేమోనని.

తెల్లవారి చూస్తే ఆయన ఇంట్లో లేడు.

యమున పరుగు పరుగున కట్ట దగ్గరికి పోయింది. షామియానా వేశారు, కుర్చీలు వేశారు, మైకులో ఎవరో ఒకటీ రెండూ అంటున్నారు. సంఘం పెద్దలు ఇస్త్రీ బట్టల్లో అటూ ఇటూ తిరుగుతున్నారు. గద్దె మీద సమ్మమ్మ మళ్లీ వచ్చి కూర్చుంది. ఇవాళ ఆమె చుట్టూ కట్ట మీది ఆడవాళ్లందరూ ఉన్నారు. రోడ్డు మీద కొంచెం దూరంగా జేసీబీ ఆగి ఉంది. ఆవిష్కరణ కాగానే పని మొదలుపెట్టమని చెప్పారని డ్రైవరు అన్నాడట.

"మీ నాయిన పైనున్నడు బిడ్డా," అంది సమ్మమ్మ. "అచ్చి గంట దాటింది. మా ఇంటి ముంగట నిలవడ్డడు. పిలిస్తె పలుకుతలేడు."

ఇద్దరూ పైకి పోయారు. వెంకట్రాజం సందులో ఆ ఇటుక గోడ ముందు నిలబడి ఉన్నాడు. అరచెయ్యి ఎర్ర గుర్తు పక్కన గోడకు ఆనించి ఉంది. సమ్మమ్మ అడుగుల చప్పుడుకు తిరగలేదు.

"ఈ గోడనేనా?" అన్నాడు.

"గదే."

"ఎక్కడ పండవెట్టిండ్రు?"

సమ్మమ్మ చూపించింది. గడప పక్కన ఇప్పుడు నీళ్ల డ్రమ్ము ఉన్న చోటు. ఆయన ఆ చోటును చూశాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఒక్కనాడన్న చెప్పకపోతివి అక్కా."

"నీకెరుకనే అనుకున్న సేటూ. ఎరుకుండి గూడ కోపం పోతలేదు అనుకున్న. తమ్ముడు పోయినోని కోపానికి అడ్డమేమున్నది, ఉండనీ అనుకున్న."

"కొమురయ్య?"

"పోయి శానేండ్లాయె. గా కాలితోనే ఈడిసీడిసి పోయిండు."

వెంకట్రాజం తలపాగాతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత గడప మీద కూర్చొని జర నీళ్లియ్యమని అడిగాడు. కట్ట మీద చాయ కూడా తాగని మనిషి. సమ్మమ్మ చెంబు తెచ్చింది. ఆయన రెండు చేతులా అందుకొని చివరి చుక్క దాకా తాగాడు. యమున అటు తిరిగి నిలబడింది. ఆ సమయంలో వాళ్లిద్దరి మధ్యా తను ఉండకూడదనిపించింది.

కిందికి దిగి సమ్మమ్మ మళ్లీ గద్దె మీద కూర్చునేసరికి, ఇండ్లు తీయించడానికి వచ్చిన ఆఫీసరు హరికృష్ణ జీపు ఆగి ఉంది. మంచి వయసు వాడు, యమున దగ్గర ఒకప్పుడు చదువుకున్నవాడే. మేడం అంటూ నమస్కారం పెట్టి, గద్దె మీది ఆడవాళ్లను చూసి ఇబ్బందిపడ్డాడు. వెంకట్రాజం తిన్నగా ఆయన దగ్గరికి పోయాడు. తన అర్జీ వాపసు తీసుకుంటున్నానని, కట్ట మీద ఒక్క ఇటుక కదలకూడదని, తోవ కావాలంటే తన గోదాం ప్రహరీ కూల్చి అవతలి వైపు నుంచి వేసుకొమ్మని, జాగ రాసిస్తానని చెప్పాడు. అందరికీ వినపడేలా చెప్పాడు. కట్ట మీది ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఆయన గుర్తురాయి దగ్గరికి వచ్చాడు.

"జర జరుగు అక్కా," అన్నాడు.

సమ్మమ్మ జరిగింది. తెల్లటి ధోవతి మట్టి కావడం కూడా చూసుకోకుండా ఆయన గద్దె మీద ఆమె పక్కన కూర్చున్నాడు. మైకు ఆగిపోయింది. యమునకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తను రాసిన 'వేల చేతులు' ఇంకా గుడ్డ కిందే ఉన్నాయి, ఆ గుడ్డకు వీపులు ఆనించి ఇద్దరు ముసలివాళ్లు కూర్చున్నారు.

హరికృష్ణ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"సేటు గారూ, మీరొక్కరు వాపసు తీసుకుంటే ఆగదు. అర్జీ పెట్టింది మీరొక్కరే కాదు. కట్ట మీది ఒక ఇంటాయన కూడ పెట్టిండు. ఇండ్లు తీస్తే మాకేం అభ్యంతరం లేదు, జల్ది తీయండి అని వచ్చి చెప్పిండు. ఆయన మాట మీదనే పైనుంచి ఆర్డర్ వచ్చింది."

"కట్ట మీద గట్లనేటోడు ఎవడున్నడు?" అంది సమ్మమ్మ. "పేరు చెప్పు సారూ."

 హరికృష్ణ వెనక్కి తిరిగి రోడ్డు వంక చూశాడు. జేసీబీ పక్కన ఒక కారు వచ్చి ఆగింది. దిగిన మనిషికి నలభై ఏండ్లు ఉండవచ్చు. శుభ్రంగా దువ్విన తల, నలగని చొక్కా. కట్ట పైకి చూడకుండా, నేల వంక చూస్తూ నడిచి వచ్చాడు. సమ్మమ్మ చెయ్యి యమున చేతిని వెతుక్కొని పట్టుకుంది. 

"శీనూ," అంది ఆమె. "నువ్వా కొడుకా?"

శ్రీనివాస్ గద్దె ముందుకు వచ్చి ఆగాడు. తల్లి ముఖం చూడలేదు. ఆమె పక్కన కూర్చున్న మనిషిని చూశాడు.

"లే అమ్మా," అన్నాడు మెల్లగా. "ఎవల పక్కనన్న కూసో. ఈయిన పక్కన మాత్రం కూసోకు."